ఫోన్ చేయి మారేముందు జాగ్రత్త

ఫోన్ మీ దగ్గర ఉన్నంతకాలం మోసగాడు మీతో మాట్లాడాల్సిందే. లింకు పంపాలి, ఓటీపీ అడగాలి, పోలీసునని బెదిరించాలి, పెళ్లిపత్రికని చెప్పి ఏపీకే ఫైలు నొక్కించాలి. మీరు మెలకువగా ఉంటే వాడి పప్పులుడకవు. అదే ఫోన్ రిపేరు బల్ల మీదో, పాత ఫోన్ల బజారులోనో, దొంగ జేబులోనో ఉందనుకోండి, ఇక మీ మెలకువతో వాడికి పనే లేదు. నాలుగు స్క్రూలు విప్పి, వెనక మూత తీసి, నేరుగా బోర్డుతోనే పని కానిస్తాడు.

ఇన్నేళ్లుగా బ్యాంకులు, పోలీసులు, పత్రికలు చెబుతూ వచ్చిన జాగ్రత్తలు దాదాపు అన్నీ తెర మీద జరిగే మోసాల గురించే. ఖాతాలు ఖాళీ అవుతున్నదీ ఎక్కువగా ఆ మోసాలతోనే కాబట్టి అది సబబే. కానీ మూత కింద ఇంకో దారి ఉంది. సీరియల్ డీబగ్ పిన్లు, టెస్ట్ పాయింట్లు, యాంటెన్నా కనెక్టర్లు అనే మాటలు ఒకప్పుడు ల్యాబుల గోడలు దాటేవి కావు. ఇవాళ వాటికి తగిలించే సీరియల్ అడాప్టర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు ఇంటికి వస్తోంది. ఎలా తగిలించాలో చూపే వీడియోలు ఉచితం. సామాను చవకైంది, విద్య వీధిలోకి వచ్చింది, ఫోన్‌లోనేమో మన బ్యాంకు, ఆధార్, పిల్లల ఫొటోలు, ఆస్పత్రి రిపోర్టులు అన్నీ చేరాయి. ఈ మూడూ ఒక్కచోట కలిశాయి కాబట్టే ఈ హెచ్చరిక.

మూత కింద ఏముంది?

ఫోన్ మదర్‌బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే చిప్‌ల మధ్య అక్కడక్కడా బంగారు రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. వాటి మీద ఏ భాగమూ అతికించి ఉండదు. అవే టెస్ట్ పాయింట్లు. వాటిలో మూడు యూఆర్ట్ అనే సీరియల్ లైనువి కావచ్చు. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి, మూడోది గ్రౌండ్. ఫోన్ తయారీ దశలో తెర వెలగకముందే ప్రాసెసర్ లోపల ఏం జరుగుతోందో ఇంజినీర్లు తెలుసుకునేది ఈ లైను మీదే.

ఆ మూడు చుక్కలకు వెంట్రుక మందం తీగలు టంకం పెట్టి, అడాప్టర్ మీదుగా ల్యాప్‌టాప్‌కు కలిపి, సాధారణంగా వాడే సెకనుకు 1,15,200 బిట్ల వేగం పెట్టి ఫోన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద వరుసలు పరుగెత్తడం మొదలవుతుంది. బూట్‌లోడర్ వెర్షన్ ఏది, మెమరీ ఎంత, ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుంది, భద్రతా తనిఖీ నెగ్గిందా లేదా అన్నీ వరసగా వస్తాయి. పద్ధతిగా తయారైన ఫోన్ అయితే నాలుగు వరుసలు చూపి ఊరుకుంటుంది, లేదా అసలు నోరే విప్పదు. అశ్రద్ధగా తయారైనదైతే ఆ వరుసల చివర ఒక గుర్తు చూపి, ఆదేశం ఇవ్వమని ఎదురుచూస్తుంది. చవక రౌటర్లలో, సెట్‌టాప్ బాక్సుల్లో, సీసీ కెమెరాల్లో ఈ రెండో రకం కొల్లలు.

ఇల్లు కట్టేటప్పుడు ఇటుక, ఇసుక మోసుకోవడానికి మేస్త్రీలు పక్క గోడలో ఒక సందు వదులుతారు. గృహప్రవేశంలోపు దాన్ని మూసేయాలి. మూయకుండా ముందు బీరువా పెట్టి తాళాలు అప్పగించేస్తే యజమానికి ఎప్పటికీ తెలియదు, ఆ మేస్త్రీతో పనిచేసిన ప్రతి కూలీకీ తెలుసు. డీబగ్ పిన్ల సంగతీ ఇంతే.

యూఆర్ట్‌కు తోడు జేట్యాగ్ ఉంది. 1990లో ఐఈఈఈ 1149.1 పేరుతో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి మొదట్లో బోర్డు మీద టంకాలు సరిగా పడ్డాయో లేదో చూడటానికి పుట్టింది. మూయకుండా వదిలేసిన చిప్‌లో దీని ద్వారా ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి, మెమరీలో ఉన్నది చదవొచ్చు, మార్చొచ్చు.

యాంటెన్నా కనెక్టర్ వీటికంటే సులువుగా కంటికి కనిపిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు గుండీ, దాని మీద నొక్కి బిగించిన సన్నటి కేబుల్. ట్వీజర్‌తో కింద నుంచి లేపితే టిక్కుమని ఊడి వస్తుంది. పక్కనే ఫ్యాక్టరీ పరీక్షల కోసం పెట్టిన రేడియో టెస్ట్ సాకెట్ ఉండొచ్చు. అందులో ప్రోబ్ దించగానే ఫోన్ సొంత యాంటెన్నా తెగిపోయి, సిగ్నల్ మొత్తం ఆ కేబుల్ గుండా పోతుంది. గాలిలో ఏ తరంగమూ పంపకుండానే ఫోన్‌ను నకిలీ టవర్ లాంటి పరికరానికి కలపడానికి ఇదొక దారి.

ఊహలు కావు, నిరూపణలు

మూతే తీయనక్కర్లేని ఉదాహరణతో మొదలుపెడదాం. గూగుల్ పేరుతో హెచ్‌టీసీ తయారుచేసిన నెక్సస్ 9 ట్యాబ్లెట్ 2014లో మార్కెట్లోకి వచ్చింది. పాటలు వినడానికి పెట్టే హెడ్‌ఫోన్ సాకెట్టే దానికి సీరియల్ పోర్టు కూడా. దాని ద్వారా లోపలి డీబగ్గర్‌ను, పాస్‌వర్డ్ అడగకుండానే పలికించవచ్చని ఆలెఫ్ సెక్యూరిటీకి చెందిన రోయీ హే బయటపెట్టారు. తాళం వేసి ఉన్న ట్యాబ్లెట్ నుంచి మెమరీ రక్షణకు వాడే రహస్య విలువలు కూడా బయటికొచ్చాయి. గూగుల్ దానికి సీవీఈ-2017-0510 అని సంఖ్య వేసి, అత్యంత తీవ్రమైన లోపంగా ప్రకటించి, 2017 మార్చి అప్‌డేట్‌లో సరిచేసింది. అంటే రెండేళ్లకు పైగా అది జనం చేతుల్లో తెరుచుకునే ఉంది.

అంతకుముందే మోటరోలా సీ123 అనే చిన్న ఫోన్ చరిత్రకెక్కింది. దాని హెడ్‌సెట్ రంధ్రం కూడా సీరియల్ పోర్టే. ఓస్మోకామ్‌బీబీ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఆ రంధ్రం గుండా ఫోన్‌లోకి తమ సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. 2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో కార్‌స్టెన్ నోల్, సిల్వాన్ మునో కలిసి ఒక్కోటి 15 డాలర్ల ఖరీదు చేసే అలాంటి ఫోన్లతోనే జీఎస్‌ఎం కాల్‌ను పట్టి వినిపించారు. 2013లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. వేరేవాళ్లకు వచ్చే కాల్‌కు, ఎస్‌ఎంఎస్‌కు వాళ్లకంటే ముందే జవాబిచ్చేలా ఈ రకం ఫోన్లను మార్చారు. జర్మనీలో ఒక పెద్ద ఆపరేటర్ సేవను ఒక ప్రాంతం మొత్తంలో స్తంభింపజేయడానికి అలాంటి 11 ఫోన్లు చాలని తేల్చారు. మన దేశంలో 2జీ ఇంకా నడుస్తోంది. ఓటీపీలు ఇంకా ఎక్కువగా ఎస్‌ఎంఎస్‌ల రూపంలోనే వస్తున్నాయి. కాబట్టి ఇది మనకు పాత కథ కాదు.

క్వాల్‌కామ్ చిప్‌లలో ఈడీఎల్ అనే అత్యవసర మోడ్ ఉంది. డెడ్ అయిన ఫోన్‌ను బతికించడానికి పెట్టింది. చాలా మోడళ్లలో బోర్డు మీద రెండు టెస్ట్ పాయింట్లను ట్వీజర్‌తో కలిపి యూఎస్‌బీ గుచ్చితే ఫోన్ అందులోకి వెళ్తుంది. బయటికి లీకైన సర్వీసు ఫైళ్లతో ఆ మోడ్ నుంచి ఏమేం లాగొచ్చో 2018 జనవరిలో ఆలెఫ్ పరిశోధకులే కొన్ని పేరున్న ఫోన్ల మీద చేసి చూపించారు. రిపేరు చేసేవారికి అది రోజువారీ పనిముట్టు. చెడు బుద్ధి ఉన్నవాడి చేతిలోనూ అదే పనిముట్టు.

ఐఫోన్లకూ మినహాయింపు లేదు. 2019 సెప్టెంబరులో చెక్‌ఎమ్8 అనే లోపం బయటపడింది. ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ ఎక్స్ వరకు దాని పరిధిలోనివే. అది చిప్‌లో చెక్కేసిన బూట్ రోమ్‌లో ఉన్న లోపం కనుక ఏ అప్‌డేటూ దాన్ని మాన్పలేదు. ఒక్క కేబుల్, ఫోన్ చేతికి అందడం, అంతే కావాలి. పాస్‌కోడ్ తెలియకుండా గుప్తీకరించిన డేటా మొత్తం దానితో రాదన్నది నిజమే. కానీ ఆ ఫోన్లు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో ఆలోచించండి. కొత్తది కొన్న కొడుకు పాతది అమ్మకిస్తాడు. అమెరికా నుంచి వచ్చిన బంధువు వాడేసినది ఊళ్లో పెద్దాయనకు ఇచ్చి వెళ్తాడు. పింఛను మెసేజీలు, యూపీఐ అన్నీ వాళ్లు దాని మీదే చూసుకుంటారు. మరమ్మతు లేని లోపంతో ఉన్న ఫోన్ ఇంట్లో అందరికంటే తక్కువ తెలిసినవారి చేతికి చేరుతోంది.

విడిభాగాల సంగతి ఇంకా కలవరపెట్టేది. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో హువావే తయారీ నెక్సస్ 6పీకి మార్చిన డిస్‌ప్లే వెనక ఒక చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టారు. దాని ఖర్చు 10 డాలర్ల లోపే. ఆ డిస్‌ప్లే వాడకందారు వేలు పెట్టకపోయినా తనే టచ్‌లు పుట్టించింది, యాప్ ఇన్‌స్టాల్ చేసింది, ఫోన్ పట్టుకున్న మనిషి ఫొటో తీసి బయటికి పంపింది. బిల్లు లేకుండా, పేరు లేకుండా, సగం ధరకు వేసే డిస్‌ప్లే కాంబో ఎక్కడి నుంచి వచ్చిందని మనం అడగం. అడగాలి.

యాంటెన్నాతో ఆటలు వద్దు

ఏజెన్సీ గ్రామాల్లో, రెండు కొండల మధ్య పల్లెల్లో సిగ్నల్ ఎంత బాధో అక్కడ ఉన్నవారికే తెలుసు. ఆ బాధను సొమ్ము చేసుకునేవాళ్లు పెట్టె బూస్టర్లు, బయటి యాంటెన్నాలు అమ్ముతారు. కొందరు కుర్రాళ్లు మూత విప్పి, లోపలి కనెక్టర్‌కు రౌటర్ యాంటెన్నా తగిలించి సిగ్నల్ పెంచామని వీడియోలు పెడతారు. వాటిని నమ్మి మీ ఫోన్ మీద ప్రయోగాలు చేయకండి.

ఫోన్ యాంటెన్నా అంటే తోచినంత పొడవున్న తీగ కాదు. ఆ ఫోన్ వాడే బ్యాండ్లకు, దాని ఒంటికి, లోపలి సర్క్యూట్‌కు సరిపోయేలా కొలిచి పెట్టింది. పొత్తు కుదరని యాంటెన్నా తగిలిస్తే పంపిన శక్తిలో కొంత తిరిగి యాంప్లిఫయర్ మీదకే వస్తుంది. సిగ్నల్ చాలడం లేదని టవర్ చెప్పేసరికి ఫోన్ ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది. 4జీలో మామూలుగా గరిష్ఠం 200 మిల్లీవాట్లు, 900 బ్యాండ్ 2జీలో క్షణకాలపు గరిష్ఠం 2 వాట్లు. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ గంటల్లో అయిపోతుంది. మన దేశంలో ఫోన్ రేడియేషన్‌కు కిలో కణజాలానికి 1.6 వాట్లు అనే పరిమితి 2012 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ పరీక్ష నెగ్గింది కంపెనీ యాంటెన్నాతో ఉన్న ఫోనే, మీరు మార్చినది కాదు. పైగా ఈ రకం బుల్లి కనెక్టర్లు పదేపదే పెట్టి తీయడానికి చేసినవి కావు. వాటిలో బాగా వాడుకలో ఉన్న యూ.ఎఫ్ఎల్ రకానికి తయారీదారు ఇచ్చే హామీ దాదాపు 30 సార్లే. ఒకసారి వదులైతే అర్ధరాత్రి 112కు చేయాల్సిన కాల్ కూడా వెళ్లకపోవచ్చు.

చట్టం విషయానికొస్తే, లైసెన్సున్న టెలికాం సంస్థలు తప్ప వేరెవరైనా మొబైల్ సిగ్నల్ బూస్టర్లను దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం శాఖ 2022 జులైలో స్పష్టంగా చెప్పింది. మీ ఇంటి మీద పెట్టిన బూస్టర్ వల్ల చుట్టుపక్కల వాళ్ల కాల్స్ తెగిపోతాయి. సిగ్నల్ లేకపోతే ఆపరేటర్‌కు ఫిర్యాదు చేయండి, వైఫై కాలింగ్ వాడండి.

రేడియో వైపు నుంచి వచ్చే ముప్పు ఊహ కాదనడానికి ఒక్క సంఘటన చాలు. 2023 మార్చిలో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం శాంసంగ్ ఎక్సినోస్ మోడెముల్లో 18 లోపాలు ప్రకటించింది. వాటిలో నాలుగింటికి ఎదుటివారి ఫోన్ నంబరు తెలిస్తే చాలు, వాళ్లు ఏదీ నొక్కనక్కర్లేదు. అలాంటి లోపం ఉన్న మోడెమును కేబుల్‌తో బల్ల మీదే తీరిగ్గా పరీక్షించుకునే వీలు యాంటెన్నా కనెక్టర్ ఇస్తుంది.

రిపేరు కౌంటరు దగ్గర

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ నుంచి మండల కేంద్రంలో బస్టాండు పక్కన బడ్డీకొట్టు దాకా, ఫోన్ రిపేరు బల్ల లేని చోటు లేదు. ఆ బల్లల వెనక కూర్చున్నవారిలో అత్యధికులు చేతిపని నమ్ముకుని నిజాయితీగా బతికేవారు. కంపెనీ సర్వీసు సెంటరు బోర్డే మార్చాలన్న ఫోన్‌ను ఒక్క ఐసీ మార్చి బతికించగల నేర్పరులు వాళ్లలో ఉన్నారు. ఈ హెచ్చరిక వాళ్ల మీద కాదు. కానీ పది బల్లల మధ్య ఒక్క బల్ల చెడ్డదైనా, అది ఏదో కౌంటరు ముందు నిలబడిన మనకు తెలియదు.

పైగా పిన్ల దాకా, టెస్ట్ పాయింట్ల దాకా వెళ్లే శ్రమ మనమే తప్పిస్తున్నాం. డిస్‌ప్లే మార్చడానికి ఇచ్చినా 'ప్యాటర్న్ చెప్పండి సార్' అనగానే వేలితో గీసి చూపిస్తాం. బిల్లు వెనక పాస్‌వర్డ్ రాసిచ్చి వస్తాం. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్నే పరీక్షకు పెట్టి 2022లో ఫలితాలు వెల్లడించారు. చిన్న సమస్య ఉన్న ల్యాప్‌టాప్‌లను, లోపల ఎవరేం చూశారో నమోదయ్యేలా ఏర్పాటు చేసి రిపేరుకు ఇచ్చారు. మొత్తం 16 దుకాణాల్లో ఆరింట యజమాని ఫైళ్లు తెరిచి చూశారు, రెండింట కాపీ చేసుకున్నారు. అది కెనడా, అవి ల్యాప్‌టాప్‌లు. మనిషి కుతూహలానికి మాత్రం దేశం తేడా ఉండదు.

మన వైపు ఒక గట్టి రక్షణ ఉందని కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన ఫోన్లలో, ఐఫోన్లలో డేటా గుప్తీకరించి ఉంటుంది. మెమరీ చిప్ ఊడదీసి చదివినా తాళంచెవి లేకుండా వచ్చేది అర్థంలేని అంకెలే. ఆ తాళంచెవి మీ పిన్‌తో ముడిపడి ఉంటుంది. అందుకే పిన్ ఎంత బలహీనమైతే మొత్తం రక్షణ అంత బలహీనం. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకుడు సెర్గీ స్కొరోబొగటోవ్ ఐఫోన్ 5సీ మెమరీ చిప్‌ను ఊడదీసి, నకళ్లు మారుస్తూ, తప్పు పాస్‌కోడ్‌ల పరిమితిని ఏమార్చారు. నాలుగంకెల కోడ్‌లన్నీ ప్రయత్నించడానికి దాదాపు 40 గంటలు చాలని లెక్కతేల్చారు. సామాను ఖర్చు 100 డాలర్ల లోపే. కొత్త ఫోన్లు ఆ దారి మూసేశాయి. పుట్టిన సంవత్సరాన్ని పిన్‌గా పెట్టుకునే మన అలవాటును మాత్రం ఏ కంపెనీ మూయలేదు.

కుర్రాళ్లూ, మీకో మాట

ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఐటీఐల్లో, రిపేరు కోర్సుల్లో ఉన్నవారికి ఈ విద్య మీద ఆసక్తి కలగడం సహజం. నేర్చుకోండి, దేశానికి అవసరమైన విద్యే. కానీ గీత ఎక్కడుందో ముందే తెలుసుకోండి.

మీ సొంత ఫోన్ విప్పుకోవడం నేరం కాదు. ఇంకొకరి ఫోన్‌లోకి వారి అనుమతి లేకుండా వెళ్తే సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐని మార్చితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఇతరుల సందేశాలను చట్టవిరుద్ధంగా అడ్డగిస్తే అదే సెక్షన్ కింద జరిమానా 2 కోట్ల వరకు వెళ్లొచ్చు. 'ఫ్రెండు అడిగాడు, ఐఎంఈఐ కొట్టిచ్చాను' అనే మాట కోర్టులో చెల్లదు. ఆ ఫోన్ రేపు ఏ నేరంలో దొరికినా తీగ లాగితే మీ బల్ల దగ్గరికే వస్తుంది.

ప్రాణాల సంగతి కూడా ఉంది. ఫోన్ బోర్డు మీద సీరియల్ లైన్లు ఎక్కువగా 1.8 వోల్టుల మీద నడుస్తాయి. బజారులో దొరికే చవక అడాప్టర్లు 3.3 లేదా 5 వోల్టులు ఇస్తాయి. చూడకుండా తగిలిస్తే ప్రాసెసర్ అక్కడికక్కడే పోవచ్చు. పోతే ఫోనే కదా అనుకోవచ్చు, బ్యాటరీతో అలా కాదు. స్క్రూడ్రైవర్ మొన గుచ్చుకుంటే లిథియం బ్యాటరీ క్షణాల్లో మంటలు కక్కుతుంది. హాస్టల్ గదిలో, పరుపు మీద కూర్చుని చేసే పని కాదిది.

నిజంగా లోపం కనిపెట్టారా? కంపెనీకి చెప్పండి, లేదా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపండి. పిక్సెల్ ఫోన్ల టైటన్ ఎమ్ చిప్‌ను పూర్తిగా ఛేదించినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని గూగుల్ 2019లోనే ప్రకటించింది. దొంగదారిలో దొరికే నాలుగు వేల కోసం ఆ భవిష్యత్తు పాడుచేసుకోకండి.

ఈరోజే చేయాల్సినవి

మొదట *#06# నొక్కండి. వచ్చే 15 అంకెల ఐఎంఈఐని ఫోన్‌లో కాకుండా బయట కాగితం మీద, బిల్లుతో పాటు దాచండి.

ఆరంకెలకు తగ్గకుండా పిన్ పెట్టుకోండి. పుట్టినరోజు, బండి నంబరు వద్దు. సిమ్‌కు కూడా వేరే పిన్ పెట్టండి. లేకపోతే దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుని మీ ఓటీపీలు చదువుకుంటాడు.

అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి. సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఫోన్‌ను యూఎస్‌బీ ద్వారా ఛేదించిన తీరును 2025 ఫిబ్రవరిలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. అందులో వాడిన లోపాల్లో ఒకదానికి ఆండ్రాయిడ్ అదే నెలలో మందు ఇచ్చింది. మందు వేసుకున్నవారికే ఆ ఫలం.

2జీని ఆపేసే వీలు మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంటే, మీ ప్రాంతంలో 4జీ బాగా వస్తుంటే ఆపేయండి.

రిపేరుకు ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. వాటిని ఆన్ చేసి ఇస్తే మెకానిక్ ఫోన్‌ను పరీక్షించగలడు, మీ ఫొటోలు, యాప్‌లు చూడలేడు. ఆ సౌకర్యం లేకపోతే, వీలైతే డేటా తుడిచి ఇవ్వండి. అదీ కుదరకపోతే స్విచ్ఛాఫ్ చేసి ఇవ్వండి, పరీక్షించాల్సినప్పుడు మీరే వచ్చి తాళం తీస్తానని చెప్పండి. ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టేవరకు లోపలి డేటా తాళంలోనే ఉంటుంది. పిన్ మాత్రం ఎవరికీ రాసివ్వకండి.

ఫోన్ తిరిగి చేతికొచ్చాక మళ్లీ *#06# నొక్కి పాత అంకెలతో పోల్చండి. తేడా ఉంటే బోర్డు మారినట్టే అనుకోండి. ఆన్ అయ్యేటప్పుడు బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందన్న హెచ్చరిక కనిపిస్తే ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరవకండి. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్‌లో ఉందో లేదో, తెలియని యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతులు ఉన్నాయేమో చూడండి. కొత్త ఐఫోన్లలో అయితే సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీ మార్చిన విడిభాగాలు అసలువా కావా చెబుతుంది.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేముందు కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు ఎస్‌ఎంఎస్ చేయండి. బ్లాక్ చేసినదో, నకిలీదో తెలిసిపోతుంది. అమ్మేముందు ఖాతాలన్నీ లాగౌట్ చేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఫోన్ పోతే, ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు ఆపరేటర్‌తో సిమ్ ఆపించండి, బ్యాంకుతో యూపీఐ ఆపించండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

మూయాల్సినవాళ్లు మూయాలి

ఇన్ని జాగ్రత్తలు వాడుకునేవాడి నెత్తిన పెట్టి కంపెనీలు చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. తెరిచి వదిలిన డీబగ్ పోర్టును ఏ గృహిణీ, ఏ రైతూ తన ఇంట్లో కూర్చుని మూయలేరు. అది ఫ్యాక్టరీ గేటు దాటకముందే మూయాల్సింది.

అది సాధ్యమేనని మన ప్రభుత్వమే నిరూపించింది. సీసీ కెమెరాలకు కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 2024 ఏప్రిల్‌లో తెచ్చిన భద్రతా నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. యూఆర్ట్ వంటి సీరియల్ పోర్టులను ఆపేయాలి లేదా కఠినమైన పాస్‌వర్డ్ పెట్టాలి, జేట్యాగ్ వంటి చిప్ స్థాయి దారులను మూయాలి లేదా వాటికి రక్షణ పెట్టాలి అని అందులో విడమరిచి ఉంది. వీధి చివర స్తంభానికి వేలాడే కెమెరాకు ఇంత కట్టుదిట్టం ఉన్నప్పుడు, ఇంటింటి గుట్టూ దాచుకున్న ఫోన్‌కు, అది ఎనిమిది వేలదైనా ఎనభై వేలదైనా, అదే కొలత తప్పనిసరిగా అమలు కావాలి. కొన్న పెట్టె మీద ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయో తేదీతో సహా ముద్రించాలి. మెయింటెనెన్స్ మోడ్ ఖరీదైన ఫోన్లకే పరిమితం కాకూడదు.

ఇదే సాకుతో రిపేరు హక్కును కంపెనీలు నొక్కేయడానికి మాత్రం వీల్లేదు. డీబగ్ పోర్టు మూసినంత మాత్రాన బ్యాటరీ, డిస్‌ప్లే మార్చుకునే వీలు పోదు. బయటి దుకాణాలకు అసలైన విడిభాగాలు సరైన ధరకు దొరికితే ఎవరెవరి చేతుల్లోనో తిరిగొచ్చిన కాంబో వేసే అవసరం మెకానిక్‌కూ ఉండదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అక్కడ కనిపించే సమాచారం కౌంటరు మీద విడిభాగంగా మారాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయగలిగిన పని కూడా ఉంది. ఐటీఐ, నైపుణ్య కేంద్రాల మొబైల్ రిపేరు కోర్సుల్లో వినియోగదారుడి డేటా, ఐఎంఈఐ చట్టం మీద పాఠం తప్పనిసరి చేయాలి. ప్రతి దుకాణం ఫోన్ తీసుకోగానే ఐఎంఈఐ, చేయాల్సిన పని, వేసే విడిభాగం పేరు రాసిన రసీదు ఇవ్వాలి. మెకానిక్‌ల సంఘాలే ముందుకొచ్చి ఈ పద్ధతి మొదలుపెడితే వాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది, దొంగ బల్లలు వాటంతటవే వేరుపడతాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, ఆంధ్రప్రదేశ్ సీఐడీ ఈ జాగ్రత్తలను తేలిక తెలుగులో ప్రతి రిపేరు షాపు ముందు అంటించేలా చూడాలి.

చట్టం వచ్చేదాకా, కంపెనీలు మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఈసారి రిపేరు కౌంటరు దగ్గర ప్యాటర్న్ అడిగితే 'ఎందుకు?' అని అడగండి. వేసే భాగం ఎక్కడిదని అడగండి, రసీదు అడగండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లని అడగండి. సరైన జవాబు రాకపోతే ఫోన్ జేబులో వేసుకుని పక్క దుకాణానికి నడవండి. ఆ నడక వల్ల పోయేది పది నిమిషాలే, మొహమాటపడితే పోయేది ఎంతన్నది మీ ఖాతా చెబుతుంది.